అమ్మానాన్నలు వచ్చారు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏ పండుగకు తీసుకెళ్దాం?

ఫిబ్రవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, జులైలో మళ్ళీ ఒకసారి, శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గర్లోని మా ఫ్రీమాంట్ ఊరి వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న పడుతుంది. "అమ్మానాన్నలు వచ్చారు. గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపించేశాం, లివర్‌మోర్ గుడికి వెళ్ళొచ్చాం. సిటీలో చైనా వాళ్ళ పండుగట, జపాన్ వాళ్ళదేదో ఉందట, వెళ్ళొచ్చా?" దానికి పది మంది "వెళ్ళండి, సూపర్‌గా ఉంటుంది" అని రాస్తారు. వాళ్ళలో సగం మంది ఏడేళ్ళ కిందట, పిల్లలు పుట్టకముందు, ఇద్దరే వెళ్ళొచ్చినవాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న నాన్న, గుడ్డు కూడా తగలకూడదనే అత్తయ్య, స్ట్రోలర్‌లో పిల్లవాడు కలిసి బయల్దేరితే అదే పండుగ వేరేగా ఉంటుంది.

నేను ఇవన్నీ ఒక్కొక్కటీ రకరకాల మనుషులతో చూశాను. కొన్నిసార్లు ఆనందంగా ఇంటికొచ్చాం, ఒకసారి మాత్రం కారులో ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. అందుకే ఈ పోలిక.

ముందొక మాట. అమెరికాలో "ఏషియన్" అంటే జనం మనసులోకి వచ్చేది చైనా, జపాన్, కొరియా, వియత్నాం. ఫారాల్లో మనమూ అదే గడిలో టిక్కు పెడతాం కానీ, ఏషియన్ పండుగ అనగానే అది వేరేవాళ్ళది అనుకుంటాం. కాసేపు దగ్గరగా చూస్తే ఆ దూరం చాలాచోట్ల కనిపించదు. అది ఎక్కడెక్కడో వరసలో చెబుతాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు కూర్చునే చోటు. అమెరికా వీధి పండుగల్లో కుర్చీలుండవు. మన పెళ్ళిళ్ళలో లాగా ఎవరో వచ్చి "కూర్చోండి బాబాయ్ గారూ" అని కుర్చీ లాగరు. రెండు మూడు గంటలు నిలబడగలరా, పేవ్‌మెంట్ అంచు మీద కూర్చుని మళ్ళీ లేవగలరా అన్నది ఇంట్లోనే నిజాయితీగా తేల్చుకోండి. "నాకేం, బాగానే ఉన్నాను" అని నాన్నలు చెప్పే మాటను నమ్మొద్దు.

దాని వెంటే బాత్రూము. షుగరున్న పెద్దవాళ్ళతో వెళ్తే ఇది మొదటి ప్రశ్న కూడా కావచ్చు.

మూడోది తిండి. మాంసం తినేవాళ్ళకు ఏ పండుగైనా పండుగే. శాకాహారులకు "వెజ్" అన్న పదం ఇక్కడ సరిపోదు. చైనా వంటలో పంది కొవ్వు, జపాన్ వంటలో చేప రసం కంటికి కనిపించకుండా ఉంటాయి.

నాలుగోది, నా లెక్కలో అసలైనది: అక్కడ మనం చేసేదేమైనా ఉందా, లేక చూసి రావడమేనా? ఇది ఎందుకు ముఖ్యమో ఓబోన్ అనే జపాన్ పండుగ దగ్గర చెబుతాను.

ఇక ప్రయాణం, చలి. ఫ్రీమాంట్, మిల్పిటాస్ వైపు వాళ్ళకు బార్ట్ రైలు ఉంది. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వాళ్ళకు కాల్‌ట్రైన్ అనే ఇంకో రైలు. చలి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆగస్టులో మన ఇంటి దగ్గర ఎండ మాడుస్తున్నా సిటీకి స్వెట్టర్ లేకుండా వెళ్ళకండి.

| పండుగ | ఎప్పుడు | ఎక్కడ | కూర్చోవడానికి | శాకాహారులకు | మనం కలవొచ్చా |
|---|---|---|---|---|---|
| చైనీస్ న్యూ ఇయర్ పరేడ్ | ఫిబ్రవరి లేదా మార్చి మొదట్లో, శనివారం సాయంత్రం | మార్కెట్ వీధి నుంచి చైనాటౌన్ అంచు దాకా | టికెట్ కొంటేనే | ఇంటి నుంచి తెచ్చుకోవడం మేలు | చూడటమే |
| చెర్రీ బ్లాసమ్ ఫెస్టివల్ | ఏప్రిల్, రెండు వారాంతాలు | జపాన్‌టౌన్ | మాల్ లోపల దొరుకుతుంది | కాస్త నయం | కొంతవరకు |
| ఓబోన్ | జులై | జపాన్‌టౌన్. శాన్‌హోసేలో కూడా | మడత కుర్చీ తీసుకెళ్ళొచ్చు | ఓ మోస్తరు | పూర్తిగా |
| పిస్తహాన్ | ఆగస్టు, శని ఆదివారాలు | యెర్బా బ్యూనా గార్డెన్స్ | పచ్చిక మీద | స్వీట్లు మాత్రమే | కొంతవరకు |
| ఆటమ్ మూన్ ఫెస్టివల్ | శరదృతువు మొదట్లో, ఎక్కువగా సెప్టెంబర్ | చైనాటౌన్ గ్రాంట్ అవెన్యూ | దాదాపు లేదు | మూన్‌కేక్‌తో జాగ్రత్త | చూడటం, కొనడం |
| ఏషియన్ ఆర్ట్ మ్యూజియం | ఏడాదంతా | సివిక్ సెంటర్ | బెంచీలు, లిఫ్టు | తినేసి వెళ్ళండి | మీ ఓపిక |

చైనీస్ న్యూ ఇయర్ పరేడ్: పెద్దది, చల్లనిది, అలసట తెచ్చేది

అందరూ ముందు అడిగేది దీని గురించే. అమెరికాలో అన్నిటికన్నా పాత చైనాటౌన్ ఈ ఊరిదే. ఇక్కడి చైనా వాళ్ళు 1860లలోనే వీధుల్లో కొత్త సంవత్సరం ఊరేగింపు చేశారు. ఊరేగింపు అన్నది వాళ్ళ ఊళ్ళ నుంచి తెచ్చుకున్న ఆచారం కాదు. అమెరికన్ పరేడ్‌ను చూసి, అందులోకి తమ డ్రాగన్లను, సింహాలను, డప్పులను దించారు. 1882లో చైనా కూలీలు ఈ దేశంలోకి రాకుండా చట్టం తెచ్చారు, అది 1943 దాకా నడిచింది. ఆ తర్వాత 1950లలో, మేమూ ఈ ఊరివాళ్ళమే అని నగరానికి చూపించుకోవడానికి పరేడ్‌ను ఇప్పటి రూపంలోకి పెంచారు. అందుకే స్కూలు బ్యాండ్లు, బ్యాంకుల శకటాలు, అందాల పోటీ రాణులు, రాజకీయ నాయకులు అన్నీ ఒకే వరసలో పోతాయి. "ఇదేంటి, మన రిపబ్లిక్ డే పరేడ్‌లా ఉంది" అని మా నాన్న అన్నది సరైన మాటే.

చివర్లో వచ్చే బంగారు డ్రాగన్ కోసమే జనం అంతసేపు ఆగుతారు. 80 మీటర్లకు పైగా పొడవు, చైనాలోని ఫోషాన్‌లో చేయించింది, మోయడానికి వంద మందికి పైనే కావాలి. దాని వెంట టపాకాయలు లక్షల లెక్కన పేలుతాయి. దీపావళికి చెవులు మూసుకునే పిల్లలుంటే దూది తీసుకెళ్ళండి.

ఇప్పుడు ఇబ్బందులు. పరేడ్ చీకటి పడే వేళకు మొదలవుతుంది. మంచి చోటు కావాలంటే గంటన్నర, రెండు గంటల ముందే నిలబడాలి. ఫిబ్రవరి రాత్రి, బే మీది గాలి, వాన పడినా పరేడ్ ఆగదు. మేం మొదటిసారి స్ట్రోలర్‌తో, నాన్నతో వెళ్ళి ఆలస్యంగా చేరాం. మాకు కనిపించింది ముందువాళ్ళ వీపులు, వాళ్ళు పైకెత్తిన ఫోన్లు. డ్రాగన్‌ను ముందు నిలబడ్డాయన ఫోన్ స్క్రీన్‌లో చూశాం. నేను పైన చెప్పిన, ఎవరూ మాట్లాడని కారు ప్రయాణం ఆ రాత్రిదే.

పెద్దవాళ్ళతో వెళ్ళాలనుకుంటే రెండే దారులు. ఒకటి, దారి పక్కన మెట్ల వరసల్లా వేసే బ్లీచర్ సీట్లకు ముందుగా టికెట్ కొనడం. డబ్బు ఖర్చే కానీ కూర్చుని, పైనుంచి చూస్తారు. రెండోది, నాకు ఎక్కువ నచ్చింది, పరేడ్‌ను ఇంట్లో టీవీలో చూసి, అదే వారాంతంలో పగటిపూట చైనాటౌన్‌లో జరిగే వీధి సంతకు వెళ్ళడం. గ్రాంట్ అవెన్యూ చుట్టుపక్కల కార్లు ఆపేస్తారు. చిన్న చిన్న సింహాలు దుకాణాల ముందుకొచ్చి, గుమ్మానికి కట్టిన పాలకూర లాంటి ఆకుకూరను నోటితో అందుకుని చించి విసురుతాయి. ఆ సింహంలో ఉండేది ఇద్దరే. పిల్లలకు వంద మంది మోసే డ్రాగన్ కన్నా, కళ్ళు టపటపలాడిస్తూ రెండడుగుల దూరంలోకి వచ్చే ఈ సింహమే బాగా గుర్తుంటుంది.

అంతకన్నా ప్రశాంతమైనది ఇంకొకటుంది. కొత్త సంవత్సరానికి ముందు వారాంతంలో పూల సంత పెడతారు. నార్సిసస్ పూల కుండీలు, ఇంకా ఆకులు రాని పూల కొమ్మలు, ఆకులతో సహా అమ్మే కమలాపళ్ళు. దసరా ముందురోజు బంతిపూల బజారులో తిరిగినట్టు ఉంటుంది. మా అమ్మ బేరం కూడా ఆడింది, తెలుగులోనే. అమ్మే ఆవిడ కాంటనీస్‌లో జవాబిచ్చింది. రెండు డాలర్లు తగ్గింది.

తేదీ ఎప్పుడు? వాళ్ళ కొత్త సంవత్సరం మన ఉగాదికి ఒక నెల ముందో, రెండు నెలల ముందో, అమావాస్య లెక్కనే వస్తుంది. 2026లో ఫిబ్రవరి 17న వాళ్ళది, మార్చి 19న మనది. 2024లో ఫిబ్రవరి 10, ఏప్రిల్ 9. మనకు అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకూ అదనపు నెల వస్తుంది. మనకు ప్రభవ, విభవ అని 60 సంవత్సరాల చక్రం ఉన్నట్టే వాళ్ళకూ 60 ఏళ్ళ చక్రం ఉంది: 12 జంతువులు, 5 తత్వాలు కలిపి. పంచాంగం తెలిసిన పెద్దాయన ఇంట్లో ఉంటే ఈ ఒక్క విషయం మీద సాయంత్రమంతా గడిచిపోతుంది. పరేడ్ మాత్రం కొత్త సంవత్సరం రోజున కాదు, ఆ తర్వాత రెండు మూడు వారాలకు ఒక శనివారం పెడతారు. ఇది తెలియక పండుగ రోజే వెళ్ళి ఖాళీ వీధులు చూసి వచ్చినవాళ్ళు మా గ్రూపులోనే ఇద్దరున్నారు.

చైనాటౌన్ దాకా వెళ్తే వేవర్లీ ప్లేస్‌లో తిన్ హౌ గుడి ఉంది. సముద్రంలో కాపాడే అమ్మవారు. 1850ల నాటిదని చెబుతారు, అమెరికాలోని పాత చైనా గుళ్ళలో ఒకటి. లోపల అగరుధూపం, ఎర్ర దీపాలు, కమలాపళ్ళ నైవేద్యం. మన పెద్దవాళ్ళు అలవాటుగా చేతులు జోడిస్తారు. కానీ గుడి భవనం పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. మోకాళ్ళ నొప్పులుంటే కిందనుంచే దణ్ణం.

చెర్రీ బ్లాసమ్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సురక్షితమైన ఎంపిక

పేరు చూసి పూల కోసం వెళ్ళొద్దు. జపాన్‌టౌన్‌లో చెట్లు కొన్నే, ఏప్రిల్ నాటికి చాలావాటికి పూలు రాలిపోయి ఉంటాయి. పూలే కావాలంటే మార్చి చివర్లో గోల్డెన్ గేట్ పార్కులోని జపనీస్ టీ గార్డెన్‌కు వెళ్ళండి, 1894 నాటి ఎగ్జిబిషన్ కోసం వేసిన తోట అది. ఏప్రిల్ పండుగలో చూడాల్సింది మనుషుల్ని: కిమోనోల్లో అమ్మమ్మలు, కామిక్ బొమ్మల వేషాల్లో కాలేజీ పిల్లలు, ఒకే బెంచీ మీద పక్కపక్కన.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఉన్న సుఖం జపాన్ సెంటర్ మాల్. పైకప్పు ఉంది, బాత్రూములున్నాయి, కూర్చునే చోటుంది, వాన వస్తే లోపలికి పోవచ్చు. మిగతా పండుగల్లో ఇంత వెసులుబాటు లేదు. బయట ఐదు అంతస్తుల కాంక్రీటు పగోడా ఉంది, జపాన్‌లోని ఒసాకా నగరం ఇచ్చిన కానుక.

రెండో ఆదివారం మధ్యాహ్నం సిటీ హాల్ దగ్గర నుంచి జపాన్‌టౌన్‌కు పెద్ద ఊరేగింపు వస్తుంది. పగటిపూట, చైనీస్ పరేడ్‌కన్నా చిన్నది, చూడటం తేలిక. చివర్లో సారాయి పీపాలను గోపురంలా కట్టిన పల్లకిని భుజాల మీద మోస్తూ, అరుస్తూ, ఊపుతూ తీసుకొస్తారు. బోనాల ఊరేగింపులో ఘటం ఎదురొచ్చినప్పటి ఉత్సాహం ఉంటుంది అందులో. తైకో డప్పులు ఇంకో ఆకర్షణ. ఉత్తర అమెరికాలో తైకో బృందాలు మొదలైందే ఈ ఊళ్ళో, 1968లో. ఆ మోతకు కడుపు లోపల అదురుతుంది. మా నాన్న అక్కడి నుంచి గంట కదల్లేదు.

తిండిలో మోచీ ఉంది. జిగురు బియ్యం ఉడికించి రోకలితో దంచిన ముద్ద, లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద. బొబ్బట్టు పూర్ణానికి దూరపు చుట్టమే. ఉడాన్, మిసో సూప్ మాత్రం శాకాహారులకు వద్దు, ఆ రసంలో ఎండు చేప ఉంటుంది. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అడగండి.

ఇబ్బంది ఒక్కటే, రెండో శని ఆదివారాల్లో జనం తొక్కిడి. ఊరేగింపు ముఖ్యం కాదనుకుంటే మొదటి వారాంతం ఉదయం వెళ్ళండి.

ఓబోన్: నా ఓటు దీనికే

ఇది చాలామంది తెలుగువాళ్ళకు తెలియని పండుగ. బౌద్ధ గుళ్ళు జులైలో చేస్తాయి. మూలం మన సంస్కృతమే అంటారు, "ఉల్లంబన" అన్న మాట చైనా మీదుగా జపాన్ చేరి "ఓబోన్" అయింది. కథ కూడా తెలిసినట్టే ఉంటుంది. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు చనిపోయిన తల్లి ప్రేత లోకంలో ఆకలితో ఉండటం దివ్యదృష్టితో చూశాడు. బుద్ధుడు చెప్పినట్టు భిక్షువులకు దానం చేస్తే ఆమెకు విముక్తి కలిగింది. ఆ సంతోషంతో నాట్యం చేశాడట. మనకు మహాలయ పక్షం ఎలాగో, వాళ్ళకు ఇది అలాగ. తేడా ఏమిటంటే వాళ్ళు పితృదేవతల్ని డాన్సుతో తలుచుకుంటారు.

ఆ డాన్సు కోసమే వెళ్ళమంటున్నాను. మధ్యలో ఎత్తైన మంచె కడతారు. దాని చుట్టూ వలయాలుగా నిలబడి, పాటకు తగ్గట్టు నాలుగైదు కదలికలు తిప్పి తిప్పి చేస్తూ ముందుకు నడుస్తారు. ఎవరైనా చేరొచ్చు. కిమోనో అక్కర్లేదు, టికెట్ లేదు, రాకపోతే ముందావిడను చూసి చేయడమే. మా అమ్మది ఇల్లెందు. అరుగు మీద కూర్చుని రెండు పాటలు చూసింది. మూడో పాటకు నా చెయ్యి గిల్లి, "ఇది బతుకమ్మే కదే, మధ్యల పూలు లేవు గంతే" అంది. నాలుగో పాటకు వలయంలో ఉంది.

ఆ నాలుగో పాట గురించి చెప్పాలి. తాంకో బుషి, అంటే బొగ్గుగని పాట. జపాన్ దక్షిణాన క్యూషూ గని కార్మికులది. ఓబోన్ ఎక్కడ జరిగినా ఇది ఉంటుంది. కదలికలు ఇలా ఉంటాయి: పారతో రెండుసార్లు తవ్వు, భుజం మీదుగా వెనక్కి వేసుకో, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి చూడు, బండి తోసుకుంటూ ముందుకు నడువు. మా తాత సింగరేణిలో పని చేశాడు. ఆ కదలికలేమిటో అమ్మకు నేను చెప్పాల్సిన పని పడలేదు. "తట్ట ఎత్తుతున్నరు" అని తనే చెప్పింది పక్కనున్న జపనీస్ ముసలావిడకు. ఆవిడకు తెలుగు రాదు, అయినా తలూపింది.

ఎంచుకోవడానికి ఇక్కడ రెండు చోట్లున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో జపాన్‌టౌన్‌లోది చిన్నది, ఇంటి పండుగలా ఉంటుంది. అక్కడి బౌద్ధ గుడి పైకప్పు మీద స్తూపం ఉంది, అందులో థాయ్‌లాండ్ నుంచి 1935లో వచ్చిన బుద్ధ ధాతువులున్నాయి. అమరావతి, నాగార్జున కొండ చూసిన పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పి చూడండి. రెండోది శాన్‌హోసే జపాన్‌టౌన్‌లోది, ఇంకా పెద్దది, శని ఆదివారాల సాయంత్రాలు వీధి పొడవునా డాన్సు. అమెరికాలో మిగిలిన మూడు జపాన్‌టౌన్లలో రెండు మన బే ఏరియాలోనే ఉన్నాయి, మూడోది లాస్ ఏంజెలెస్‌ది. సన్నీవేల్, కుపర్టినో వాళ్ళు సిటీ దాకా పోనక్కర్లేదు, శాన్‌హోసేకే వెళ్ళండి. చలి ఉండదు, మడత కుర్చీలు వేసుకుని కూర్చునే జనం చుట్టూ ఉంటారు. ఎండ మాత్రం ఉంటుంది, అందుకని సాయంత్రం ఐదు దాటాక బయల్దేరండి.

తిండి సంగతి గొప్పగా చెప్పను. చికెన్ టెరియాకీ వరసే అన్నిటికన్నా పొడవు. శాకాహారులకు ఉడికించిన పచ్చి సోయా కాయలు, మక్క కంకులు, రంగు పోసిన మంచు గోళాలు లాంటివాటితో సరిపెట్టుకోవాలి. పులిహోర డబ్బాలో పెట్టుకెళ్తే ఎవరూ ఏమీ అనలేదు.

పిస్తహాన్: తినేవాళ్ళ పండుగ

ఫిలిప్పీన్స్ వాళ్ళది, 1994 నుంచి జరుగుతోంది. శనివారం మార్కెట్ వీధిలో ఊరేగింపు, ఆ తర్వాత రెండు రోజులు యెర్బా బ్యూనా తోటలో పాటలు, వంటల పోటీలు. పచ్చిక మీద దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు, పిల్లలు పరిగెత్తొచ్చు. చిన్న పిల్లలుండి, మాంసం తినే కుటుంబమైతే దీన్ని నేను చైనీస్ పరేడ్‌కన్నా ముందు పెడతాను. రెండు వెదురు బొంగుల్ని నేల మీద కొడుతుంటే వాటి మధ్య కాళ్ళు ఇరుక్కోకుండా గెంతే టినిక్లింగ్ నాట్యం పిల్లలకు తెగ నచ్చుతుంది.

శాకాహారులకు ఇది కష్టమైన చోటు. కూరల్లో కూడా పంది మాంసమో, రొయ్యల ముద్దో కలుస్తుంది. తురోన్ అడగండి: అరటిపండును పల్చటి పొరలో చుట్టి, చక్కెర పాకం పట్టేలా వేయించింది. ఏ నూనెలో వేయిస్తున్నారో కూడా అడగండి, పట్టింపు ఉంటే.

ఆటవిడుపుగా పిల్లలకు ఒక పని ఇవ్వండి. తగాలోగ్ భాషలో మన మాటలు వెతకమనండి. గురువును "గురో" అంటారు, ముఖం "ముఖా", ఆశ "ఆసా". దుఃఖం అక్కడికి వెళ్ళి "దుఖా" అయింది, అర్థం మాత్రం పేదవాడు అని మారింది. మా అమ్మాయి నాలుగు మాటలు పట్టుకుని స్టాల్ అంకుల్ దగ్గర ఉచితంగా ఒక తురోన్ సంపాదించింది.

ఆటమ్ మూన్, సినిమాలు

ఆటమ్ మూన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పౌర్ణమి పండుగ, మన భాద్రపద పౌర్ణమికో ఆశ్వయుజ పౌర్ణమికో దగ్గర పడుతుంది. గ్రాంట్ అవెన్యూలో స్టాళ్ళు, సింహం ఆటలు. ఫిబ్రవరిలో చైనాటౌన్ చూసేసి ఉంటే మళ్ళీ దీనికోసం వెళ్ళనక్కర్లేదు. చూడకపోతే ఫిబ్రవరి చలికన్నా ఇది హాయి. మూన్‌కేక్ కొనేటప్పుడు మాత్రం ఆగండి. లోపల ఉప్పు గుడ్డు పచ్చసొన ఉండటం మామూలు, పైపొరలో పంది కొవ్వు కూడా పడొచ్చు. పచ్చసొన లేనిది ఇవ్వమంటే ఇస్తారు, కొవ్వు సంగతి అట్ట మీద చదవాలి. మా అత్తయ్య కోసం తీసుకెళ్ళిన డబ్బా చివరికి పక్కింటివాళ్ళకు చేరింది.

మే నెలలో కామ్‌ఫెస్ట్ అని ఏషియన్ అమెరికన్ సినిమాల పండుగ ఉంటుంది, 1982 నుంచి నడుస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన టీనేజ్ పిల్లలకు మంచిది. తమలాంటి మొహాలు, తమలాంటి ఇంటి గొడవలు తెర మీద చూస్తారు. తాతయ్య, నానమ్మలను దీనికి లాక్కెళ్ళకండి.

పండుగ లేని నెలలో వస్తే

చాలామంది అమ్మానాన్నలు అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో వస్తారు. అప్పుడు సివిక్ సెంటర్‌లోని ఏషియన్ ఆర్ట్ మ్యూజియం. బార్ట్ స్టేషన్‌కు నడిచే దూరం, లిఫ్టులున్నాయి, శుభ్రమైన బాత్రూములున్నాయి. పాత లైబ్రరీ భవనాన్ని మార్చి 2003లో తెరిచారు. 18,000కు పైగా వస్తువులున్నాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం సాధారణ ప్రవేశం ఉచితం, ఆ రోజు జనం ఎక్కువ. మంగళ, బుధవారాలు మూసి ఉంటుంది.

పై అంతస్తు నుంచి, మన దేశపు విగ్రహాలతోనే మొదలుపెట్టండి. శివుణ్ణి, విష్ణువును చూడగానే పెద్దవాళ్ళు గైడ్లయిపోతారు. ఆ తర్వాత చైనా గదుల్లో క్రీ.శ. 338 నాటి బుద్ధ విగ్రహం దగ్గర ఆగండి. తేదీ చెక్కి ఉన్న చైనా బుద్ధ విగ్రహాల్లో తెలిసినంతవరకు అదే పాతది.

నాన్నగారికి స్వాతంత్ర్య పోరాటం మీద ఆసక్తి ఉంటే ఆ రోజు కబుర్లలో ఇది కూడా కలపండి: 1913లో మొదలైన గదర్ పార్టీకి ఈ ఊరే కేంద్రం. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన ప్రకాశం జిల్లా దరిశి చెంచయ్య అందులో చేరి, తర్వాత జైలుకు వెళ్ళాడు.

ఎవరికి ఏది

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు చెర్రీ బ్లాసమ్ మొదటి వారాంతం, లేదా మ్యూజియం. పదేళ్ళ లోపు పిల్లలుంటే చైనాటౌన్ పగటి సంత, పిస్తహాన్. ఫొటోలు తీసుకునే కొత్త జంటలు, ఎంఎస్ చేస్తున్న పిల్లలు చైనీస్ పరేడ్‌కే వెళ్ళండి, మీకు నిలబడే ఓపిక ఉంది, టపాకాయల పొగలో డ్రాగన్ వచ్చే క్షణం ఆ చలికి తగినదే. కచ్చితమైన శాకాహారులకు ఏదీ పూర్తిగా సరిపోదు. డబ్బా కట్టుకుని ఓబోన్‌కు వెళ్ళండి. చైనా వాళ్ళు కొత్త సంవత్సరం రోజున తినే "జై" అనే కూరగాయల వంటకం బౌద్ధ పద్ధతిలో చేస్తే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, మన మడి వంటలాగా. కాంటనీస్ ఇళ్ళలో అందులోనే ఎండు ఆల్చిప్పలు వేసేవాళ్ళూ ఉన్నారు కాబట్టి హోటల్లో అడిగి తినండి.

ఆరు నెలల్లో ఒక్కదానికే టైమ్ ఉందంటే, అమ్మకు కూర్చుని చూడటం విసుగైతే, ఓబోన్.

కారు వద్దు

సిటీలో పండుగ రోజున పార్కింగ్ టెన్షన్ ఒకటైతే, కారు అద్దాలు పగలడం రెండోది. సీటు మీద ఖాళీ డైపర్ బ్యాగు వదిలినందుకు మాకు ఒక అద్దం పోయింది. ఫ్రీమాంట్ నుంచి బార్ట్‌లో ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. చైనాటౌన్‌కు మాంట్‌గోమరీ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. కాల్‌ట్రైన్‌లో వచ్చేవాళ్ళకు ఇప్పుడు సుఖం: స్టేషన్ బయటే టీ లైన్ సిటీ రైలు ఎక్కితే నేరుగా చైనాటౌన్ కింద దిగుతారు, 2023 జనవరి నుంచి పూర్తిగా నడుస్తోంది. జపాన్‌టౌన్‌కు డౌన్‌టౌన్ నుంచి 38 నంబరు గియరీ బస్సు. ఆ సిటీ బస్సుల్లో 18 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. 65 దాటిన అమ్మానాన్నలకు పాస్‌పోర్టులో వయసు చూపించి సీనియర్ క్లిప్పర్ కార్డు (బస్సు, రైలు చార్జీలకు వాడే కార్డు) తీసుకోండి, బార్ట్‌లో చార్జీ సగానికన్నా బాగా తగ్గుతుంది. కార్డు ముందే తీసుకోవాలి, పండుగ రోజు స్టేషన్‌లో నిలబడి చేసే పని కాదు.

ఓబోన్‌కు వెళ్దామని నిర్ణయించుకుంటే ఇంకో మాట. డాన్సు ప్రాక్టీసులు పండుగకు కొన్ని వారాల ముందే గుళ్ళ దగ్గర సాయంత్రాలు మొదలవుతాయి, ఎవరైనా రావచ్చు, డబ్బు అడగరు. మా అమ్మ రెండోసారి వచ్చినప్పుడు మూడు ప్రాక్టీసులకు వెళ్ళింది. నైటీ మీద చున్నీ వేసుకుని వంటింట్లో బొగ్గు తవ్వడం ప్రాక్టీసు చేస్తుంటే మా ఆయన వీడియో తీశాడు. అది మాత్రం గ్రూపులో పెట్టొద్దంది.